తూకం గది ప్రోగ్రాముకు సొంత పేరు

గుమ్మడిదల దగ్గరి మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. కాటా మీద డ్రమ్ము పెట్టగానే బరువు దానంతటదే కంపెనీ సర్వర్లోకి ఎక్కేలా ఒక చిన్న ప్రోగ్రాము రాసి తెగ మురిసిపోయాను. సర్వర్ మాత్రం దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఎవరు నువ్వు, పేరూ పాస్‌వర్డూ చెప్పమంటుంది. ప్రోగ్రాముకు విడిగా అనుమతి కావాలంటే హెడాఫీసుకు అర్జీ పెట్టి వారాల తరబడి ఆగాలి. నాకా, ఓపిక తక్కువ.

"నాది పెట్టుకో బిడ్డా, గంత పరేషాన్ ఎందుకు?" అన్నాడు తూకం గది పెద్దాయన. అక్కడి రైతే. పొలం చేసుకుంటూనే ఏళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాడు. మా ఫ్యాక్టరీలో పాస్‌వర్డ్ అడిగితే మంచినీళ్లిచ్చినట్టు ఇచ్చేస్తారు. నేనూ మొహమాటపడకుండా ఆయన పేరే ప్రోగ్రాములో పెట్టేశాను.

నెల తిరక్కుండానే హెడాఫీసు నుంచి తనిఖీ వచ్చింది. నాట్ల కోసం పెద్దాయన సెలవు పెట్టిన రోజున వేరేవాళ్లు తూచిన డ్రమ్ములన్నీ ఆయనే తూచినట్టు రికార్డయ్యాయి. గేటు రిజిస్టరులో చూస్తే ఆయన ఆ రోజు లోపలికే రాలేదు. మందుల ఫ్యాక్టరీలో దొంగ రికార్డు అంటే ఇంటికి పంపేయడమే.

"ఆ దినం నేను పొలంల ఉన్న సార్. పాస్‌వర్డ్ నేనే ఇచ్చిన. ఈ బిడ్డనేం అనకుండ్రి" అన్నాడాయన.

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు నాదేనని రాసిచ్చాను. "ఇకమీదట మీ ప్రోగ్రాము ఈయన పేరు వాడదని రేపు పొద్దున చూపించండి. ఈయన ఉద్యోగం సంగతి ఆ తర్వాతే" అన్నాడు తనిఖీ అధికారి. వారాలు పట్టాల్సిన అనుమతి ఆ సాయంత్రానికే వచ్చేసింది!

ప్రోగ్రాముకు సొంత పేరు పెట్టాను. ఒకదానికొకటి జతపడే రెండు పెద్ద సంఖ్యలు తయారుచేసి, ఒకటి తూకం గది కంప్యూటర్లో దాచి, రెండోది సర్వర్‌కిచ్చాను. పొద్దున్నే అందరి ముందూ మొదలుపెట్టాను. సర్వర్ అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్య పంపింది. మా ప్రోగ్రాము తాను దాచుకున్న రహస్య సంఖ్యతో దానిమీద ముద్రవేసి తిప్పి పంపింది. సర్వర్ తన దగ్గరున్న జతతో ఆ ముద్రను సరిచూసి లోపలికి రానిచ్చింది. రహస్యం ఆ గది దాటనే లేదు. ఎవరికీ చెప్పకుండానే అది తన దగ్గరుందని ప్రోగ్రాము రుజువు చేసుకుంది. నేను చదువుకున్నదే, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదే. అయినా ఒళ్లు జలదరించింది. లెక్కల్లో ఇంత మర్యాద ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాత కావాలనే ప్రోగ్రాముచేత పెద్దాయన పేరుమీద ఒక తూకం పంపించాను. తెరమీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. అధికారి రెండుసార్లు చదువుకుని, "ఈయన్ని పనిలో ఉండనివ్వండి" అని ఫైలు మూసి వెళ్లిపోయాడు.

పెద్దాయన కదల్లేదు. ఆయనకు ఇంగ్లిషు చదవడం రాదు.

"ఏమంటున్నది బిడ్డా?"

"మీ పేరుమీద మీరు తప్ప ఇంకెవరూ రాయడానికి లేదంటోంది పెద్దయ్యా."

"ఇంకోసారి కొట్టు."

కొట్టాను. మళ్లీ ఒప్పుకోలేదు. ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"గా మిషిను నన్నెన్నడు సూడనన్న సూడలే. నా దిక్కు గట్లెట్ల నిలవడ్డది?"