కాపురానికి పోయే కోళ్లు

నిన్న మా గల్లీలోకి తర్బూజ బండి వచ్చింది. ఎండకు పుచ్చకాయలు వడలకుండా కప్పిన తడి గోనెసంచి వాసన తగలగానే చేతిలో పని వదిలేసి గుమ్మంలో నిలబడిపోయాను. ఆ వాసనకు నాకు తర్బూజలు కాదు, కోళ్లు గుర్తొస్తాయి. వాటి వెనకే రూతమ్మ పెద్దమ్మ వస్తుంది.

కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు మూతబడేదాకా ఆమె మా పక్కింట్లోనే ఉండేది. భర్త పోయినా, ఒక్కగానొక్క కూతురు మెట్‌పల్లికి రమ్మని పోరుతున్నా, కోళ్లను వదిలి కదల్లేదు. నాలుగు పెట్టలు, ఒక పుంజు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు కూడా వాటికి నూకలు చల్లి, “కొట్లాడకుండ్రి” అని చెప్పి మరీ పోయేది. మిల్లు మూతబడ్డాక మా ఆయనకు మెట్‌పల్లిలో వాళ్లన్న బట్టల దుకాణమే దిక్కయింది. మేము సామానుకు డీసీఎం వ్యాను మాట్లాడుకున్నామని తెలిసి తనూ వస్తానంది, కోళ్లతో సహా.

“ఇంత ఎండల కోళ్లెందుకు పెద్దమ్మా? కోసెయ్యరాదు, పోయేముందు అందరం కలిసి తింటం” అని మా ఆయన నవ్వాడు.

ఆమె నవ్వలేదు. “నీ సామాను నువ్వు చూస్కో కొడుకా. నా పిల్లల సంగతి నేను చూస్కుంట.”

అప్పటికి నేను ఎవరితోనూ మాట్లాడటం మానేశాను. పెళ్లయినప్పటి నుంచి ఆ రెండు గదులే నా రాజ్యం. మెట్‌పల్లిలో అత్తగారి పొయ్యి దగ్గర నేను ఆఖరి కోడలిని, కూరలో ఉప్పు వేయాలన్నా ఎవరినో అడగాలి. తలుచుకుంటేనే అన్నం దిగేది కాదు.

బయలుదేరిన రోజు, ఇంకా తెల్లవారకముందే, కోళ్లు కునుకులో ఉండగానే పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ పొట్టకు ఆనించుకొని తెచ్చి, గడ్డి పరిచిన వెదురు గంపల్లో పెట్టింది. పైన పాత చీర వదులుగా కట్టింది. అవి రోజూ ఎక్కి పడుకునే కట్టెను కూడా బండిలో వేయించింది. మెట్‌పల్లిలో కట్టెలకు కరువా అని మా ఆయన గొణిగాడు.

డ్రైవర్ తొందరపడ్డాడు. “గింత తతంగమెందుకమ్మా? కాళ్లు కట్టి మూలకేస్తే అయిపోదా?”

“కాళ్లు కట్టి తలకిందులుగ తీస్కపోయేది కోతకు బిడ్డా. ఇవి కాపురానికి పోతున్నయి.”

తర్వాత కళ్లు మూసుకొని ప్రార్థన చేసింది. “ప్రభువా, గీ డ్రైవర్ బిడ్డకు జర నిదానం ఇయ్యి.” పాపం, డ్రైవర్ కూడా చేతులు జోడించాడు.

బెల్లంపల్లి దాటేసరికి ఎండ ముదిరింది. ముందు సీట్లో ఇరుక్కొని కూర్చున్న పెద్దమ్మ ఉన్నట్టుండి, “ఆపు బిడ్డా, వాటి సప్పుడు ఇనవస్తలేదు” అని అరిచింది. దిగి చూస్తే, సామాను మీది టార్పాలిన్ జారి గంపలను కప్పేసింది. కోళ్లు నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి. నల్లపెట్ట మెడ వాల్చేసింది. అన్నాళ్లూ మూగనోము పట్టిన నేను, “పెద్దమ్మా, సచ్చిపోతదా?” అని గట్టిగా ఏడ్చేశాను.

“సావది. నువ్వు గోనెసంచి తడుపు.”

గంపలను చెట్టు నీడకు దింపాం. తడిపిన సంచిని ఎండ వచ్చే వైపే వేలాడదీసి, మిగతా వైపులు గాలికి వదిలేయమంది. రోడ్డు పక్కన తర్బూజ కొని, చిన్న ముక్కలు చేసి వేసింది. “నీళ్లు పెడితే బండి ఊగుడుకు ఒలుకుతయి. గిదైతే నీళ్లకు నీళ్లు, మేతకు మేత.” ఆలస్యమవుతోందని గోల పెట్టిన మా ఆయన చాటతో విసురుతూ కూర్చున్నాడు. అక్కడి నుంచి నల్లపెట్ట నా ఒళ్లోనే ప్రయాణం చేసింది. గోదావరి దాటుతుండగా కళ్లు తెరిచి నా చేతిని పొడిచింది. నొప్పికి ఏడవాలో సంతోషానికి నవ్వాలో తెలియలేదు.

పెద్దమ్మ కూతురి ఇల్లు మా అత్తవాళ్ల వాడలోనే ఉంది. అక్కడ కొత్త గూట్లో పాత కట్టె అమర్చి, కోళ్లను మూడు రోజులు బయటికి వదల్లేదు. “ఇల్లు పట్టాలె గదా, లేకుంటే తిరిగి రావు” అంది. అదే నోటితో మా అత్తకూ చెప్పింది. “మీ కోడలిని గూడ జర మూడు దినాలు ఏమనకు వదినే. ఆమెకు గూడ ఇల్లు పట్టాలె.” మా అత్త మింగలేక కక్కలేక చూసింది. కానీ నిజంగానే నన్నెవరూ ఏమీ అనలేదు.

నాలుగోనాడు పెద్దమ్మ గూడు తలుపు తీసింది. మసక పడేసరికి అన్నీ తిరిగొచ్చాయి, నల్లపెట్ట తప్ప. నేను వెతకడానికి పరుగెత్తబోతే చెయ్యి పట్టి ఆపింది.

“ఎంటబడితే ఇంకింత దూరం పోతది బిడ్డా. ఇంటి ముంగట నిలబడి పిలువాలె, అంతే.”

నూకల గిన్నె ఆడిస్తూ “బో బో బో” అని పిలిచింది. గొంతు పోయేలా నేనూ పిలిచాను. చీకటి పూర్తిగా కమ్మే వేళకు అది ఎవరి గోడ మీది నుంచో దూకి, మా ఇద్దరినీ లెక్కచేయకుండా నేరుగా పోయి, తన కట్టె ఎక్కి కూర్చుంది. అత్తింట్లో నేను మొదటిసారి కడుపునిండా తిన్నది ఆ పూటే.

మిల్లు మళ్లీ తెరిచాక మేము కాగజ్‌నగర్ వచ్చేశాం. పెద్దమ్మ మెట్‌పల్లి మట్టిలో ఉండిపోయింది. ఇప్పటికీ ఆమె లేని లోటు నాకు తీరలేదు.

పోయిన వారం మా పక్క పోర్షన్‌లో కొత్త జంట దిగింది. ఆ పిల్ల తలుపు తీయదు, ఎవరితోనూ మాట్లాడదు. “మీరన్న జర మాట్లాడియ్యుండ్రి అక్కా” అని ఆమె భర్త రోజూ బతిమాలుతున్నాడు. నేను వెళ్లి తలుపు కొట్టలేదు. నిన్న ఆ బండి దగ్గర కొన్న తర్బూజ కోసి, పళ్లెం మధ్య గోడ మీద పెట్టి, “చెల్లే, తర్బూజ పెట్టిన” అని ఒక్కసారి పిలిచి లోపలికి వచ్చేశాను.

మసక పడ్డాక వెళ్లి చూస్తే పళ్లెం కడిగి బోర్లించి ఉంది. గోడకు అవతల ఆ పిల్ల నిలబడి ఉంది.

“అక్కా, గీడ అంగడి ఏ దినం?” అని అడిగింది.

నల్లపెట్ట కట్టె ఎక్కింది పెద్దమ్మా, అనుకున్నాను.