నాకు సరిపోయిన సైకిల్

మొన్న మా అపార్టుమెంటు సెల్లారులో ఎవరో సైకిల్‌కి పంక్చరు వేయిస్తున్నట్టున్నారు, లిఫ్టు తలుపు తెరుచుకోగానే సొల్యూషన్ వాసన గుప్పున కొట్టింది. రబ్బరూ, పెట్రోలూ, ఎండకు కాగిన ఇనుమూ కలిసిన ఆ వాసనకు కూరగాయల సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు ముప్పై ఏళ్లు దగ్గర పడుతున్నా, ఆ వాసన తగిలిందంటే నేను శంషాబాద్ బస్టాండు దగ్గర, ఖాజా మామూ దుకాణం ముందు గొంతుక్కూర్చున్న పదమూడేళ్ల పిల్లనైపోతాను.

మా ద్రాక్షతోట విమానాశ్రయంలోకి పోయాక రోడ్డు వెంట మా బాపు నాలుగు షట్టర్ గదులు కట్టించాడు. చివరి గదిలో ఖాజా మామూ కిరాయికుండి సైకిళ్లు బాగుచేసేవాడు. ఆయన కూతురు నస్రీన్ నా క్లాసే. బడి వదిలాక ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం. చలికాలం సీతాఫలాలు తిని గింజలు ఎవరు ఎంత దూరం ఊస్తారోనని పందెం వేసుకోవడం, విమానం నెత్తిమీద నుంచి దిగుతుంటే షట్టర్ రేకులు గడగడలాడడం, మామూ చెవిలో పెట్టుకున్న అత్తరు దూది వాసన గ్రీజు వాసనలో కలిసిపోవడం, ఇదంతా నాకు ఒకే ఒక్క సాయంత్రంలా గుర్తుంది. బతుకమ్మకు నస్రీన్ మా ఇంటికి ఒడినిండా తంగేడుపూలు తెచ్చేది. రంజాన్‌కు స్టీలు క్యానులో షీర్ ఖుర్మా తెచ్చేదీ తనే, దారిలో పైనున్న బాదంపప్పులు ఇద్దరం ఏరుకుని తినేసేవాళ్లం.

ఆదివారం పొద్దున పట్నం నుంచి హిమాయత్ సాగర్ వైపు రేసు సైకిళ్ల వాళ్లు వచ్చేవాళ్లు. వేలంత సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిళ్లు, మాట వినపడేలోపే దాటిపోయే వేగం. మేమిద్దరం మామూ కిరాయి సైకిల్ మీద వంతులేసుకుని వాళ్ల వెనక పడేవాళ్లం. నేను కాస్త దూరానికే రొప్పుతూ దిగిపోయేదాన్ని. నస్రీన్ చున్నీ నడుముకు బిగించి, వాళ్ల చివరి మనిషి పక్కదాకా వెళ్లి, నవ్వుతూ తిరిగొచ్చేది.

రేసు సైకిల్ కావాలని నేను అన్నం మానేసి కూర్చుంటే బాపు నన్ను పట్నం తీసుకుపోయాడు. అంత పెద్ద సైకిళ్ల షాపు అదే మొదటిసారి చూడడం. నేను ఎర్రదాన్నీ పసుపుదాన్నీ చూస్తుంటే షాపాయన నవ్వాడు. "రంగు తర్వాతమ్మా. ముందు పైకడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడు. రెండు పాదాలూ నేలకు ఆనాలి, కడ్డీ తగలకూడదు" అన్నాడు. అన్నిటికన్నా చిన్నది కూడా నాకు తగిలింది. కూర్చుంటే హ్యాండిల్ అందక బోర్లా పడుకున్నట్టుంది. ఇంకో రెండేళ్లు ఆగండి అని చెప్పి పంపేశాడు.

తిరుగు బస్సులో కాటేదాన్ దాకా ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడన్నాను ఆ మాట.

"ఖాజా మామూ దగ్గర చిన్నది ఉంది బాపూ."

ఉందని నాకు తెలుసు. ఎవరికోసమో కూడా తెలుసు. పిల్లల రేసు సైకిల్ ఫ్రేము ఒకటి మామూకు కాటేదాన్ పాత ఇనుములో దొరికింది. విరిగిన చోట అతుకు వేయించి, ఒక్కొక్క సామానూ వెతికి తెచ్చి, నెలల తరబడి కట్టాడు. ఆకుపచ్చ రంగు నస్రీన్ చెప్పిందే. వారానికోసారి ఆమెను ఆ కడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబెట్టి, సీటు ఎత్తు చూసి, మళ్లీ విప్పేవాడు. అప్పుడు హ్యాండిల్ కదలకుండా పట్టుకునేది నేనే.

బాపుకు ఇవేవీ తెలియవు. బస్సు దిగి నేరుగా దుకాణానికి నడిచాడు.

"ఖాజా, గా పచ్చ సైకిలు మా పిల్లకు నప్పుతది గదా?"

మామూ చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన కిరాయికున్న గది మాది. "నప్పుతది పటేలా" అన్నాడు.

నస్రీన్ గాలి పంపు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది. బాపు నావైపు తిరిగాడు. "ఇదేనా బిడ్డా? మంచిగ చూస్కో. మల్ల వేరేది అంటే నడువది."

నేను ముందు చక్రం వైపే చూశాను. "ఇదే" అన్నాను.

మామూ కదల్లేదు. నస్రీనే పానా తీసుకొచ్చి సీటు కిందికి దించింది, నాకంటే ఆమె రెండు వేళ్లు ఎక్కువ పొడవు. "కూసో సుజీ. కాలు అందుతదా? జర మోకాలు వంగాలె, పూరా సీదా ఉంటే నొప్పి లేస్తది" అంటూ ఇంకొంచెం దించి బిగించింది. మామూ వద్దంటున్నా బాపు ఆయన జేబులో డబ్బులు కుక్కాడు.

ఆ ఏడు బతుకమ్మకు నస్రీన్ రాలేదు. రంజాన్‌కు షీర్ ఖుర్మా మామూయే తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్లాడు. బాదంపప్పులన్నీ పైన అలాగే తేలుతున్నాయి. నేను ఆదివారాలు ఒంటరిగా తొక్కాను. సైకిల్ నాకు కుట్టించినట్టు సరిపోయింది. ఒక్కసారి కూడా సంతోషం కలగలేదు, అయినా తిరిగి ఇచ్చేయాలని నోరు రాలేదు.

మరుసటేడు రోడ్డు వెడల్పులో నాలుగు గదులూ పోయాయి. మామూ జల్‌పల్లికి వెళ్లిపోయాడు, కాటేదాన్‌లో ఏదో కార్ఖానాలో చేరాడన్నారు. నస్రీన్ బడి మానేసింది. పదో తరగతి పరీక్షలు అయిపోయిన వారం, పహాడీషరీఫ్ మీదుగా తొక్కుకుంటూ వాళ్ల ఇల్లు వెతుక్కుని వెళ్లాను. రేకుల గదిలో కూర్చుని సంచులు కుడుతోంది. లేచి చల్లటి నీళ్లిచ్చింది. ఎంత పొడవైపోయిందో.

"సైకిల్ నీకియ్యనీకి వచ్చిన" అన్నాను. "నీదని తెల్సే తీస్కున్న నస్రీన్."

"తెల్సు" అంది. "నాకు గా దినమే తెల్సు."

బయటికొచ్చి కడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడింది. కడ్డీ ఎక్కడో కిందుంది. ఎక్కి కూర్చుని పెడల్ ఒక్క చుట్టు తిప్పేసరికి మోకాలు హ్యాండిల్‌కు తగిలింది. దిగిపోయింది.

"చిన్నగయిందే నాకు."

"సీటు లేపుకుందం."

"ఎంత లేపినా గంతే. ఇగ నువ్వు పో, ఎండయితది." సీటు మీద దుమ్ము చున్నీతో తుడిచి సైకిల్ నా చేతికిచ్చింది. కోపపడి ఉంటే నేను బతికిపోయేదాన్ని. లోపలికి వెళ్లి మళ్లీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నేను సైకిల్ ఎక్కలేదు. బాపు దాన్ని ఇనుప సామాన్లవాడికి ఇచ్చేసినప్పుడు అడ్డు చెప్పలేదు.

కిందటేడు జల్‌పల్లి వెళ్లాను. రేకుల గదులు లేవు, ఆ గల్లీ ఎక్కడుండేదో కూడా తెలియనంతగా మూడంతస్తుల ఇళ్లు లేచాయి. కిరాణా కొట్టులో ఉన్నామెను నస్రీన్ గురించి అడిగాను. ఆ పేరుతో అక్కడ ముగ్గురున్నారంటే మూడిళ్లకూ వెళ్లాను. ఒకరు ముసలామె, ఒకరు కొత్త కోడలు, మూడో నస్రీన్‌కి ఏడేళ్లుంటాయి, తల్లి కొంగు పట్టుకుని నన్ను వింతగా చూసింది. ఖాజా అనే ఆయన సంగతి ఎవరికీ తెలియదు.

నేను తిరిగి వస్తుంటే కిరాణా ఆమె పిలిచింది. "దొరికిందా అక్కా? నువ్వు ఆమెకు ఏమైతవ్?"

దోస్తునని చెప్పబోయాను.

"ఏం గాను" అని చెప్పి, బస్సు ఎక్కడ ఆగుతుందో అడిగాను.