క్యాసెట్ చివర నా గొంతు

మేడ్చల్‌లో ప్రతి పాన్ డబ్బాలోనూ ఒక టేప్‌రికార్డర్ మోగుతుండే ఆ రోజుల్లో, క్యాసెట్‌లో గొంతు వినిపిస్తే చాలు, ఆ మనిషి ఈ భూమ్మీద ఉన్నట్టు రుజువు దొరికినట్టేనని అనుకునేదాన్ని. నాకు ఆ రుజువు చాలా అవసరం. ఇంటర్ చదువుతున్న నా మాటలన్నీ డైరీకే పోయేవి. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఆటో నడిపే మా నాయిన, ఎక్కినవాళ్లందరికీ "మా పిల్లకు సదువుంది గని నోరు లేదు" అని చెప్పేవాడు. (ఆ ఎక్కినవాళ్లలో ఒక్కోసారి నేనూ ఉండేదాన్ని.)

మా వాడలో బట్టలు కుట్టే అక్క ఒకామె ఉండేది. మిషన్ తొక్కుతూనే పాటలు కట్టేది. ఒకవైపు తన పాటలు, రెండోవైపు నాట్లేసే అవ్వల దగ్గర నేర్చుకున్న పాటలు పెట్టి క్యాసెట్ చేస్తూ, కోరస్‌కు నన్నూ పిలిచింది. స్టూడియో అంటే గుండ్లపోచంపల్లిలో గోడలకు బొంతలు కట్టిన ఒక గది, ఒకటే మైకు. "గొంతు పెద్దగున్నోళ్లు ఎన్కకు, సన్నగున్నోళ్లు ముందటికి" అన్నాడు రికార్డింగ్ అన్న. అందరిలోకీ సన్నది నాదే. కానీ మైకు ముందుంటే పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టే అనిపించి, పాటపాటకూ కొంచెం వెనక్కి జరిగాను. ఆఖరి పాటకు తలుపు గొళ్లెం వీపుకు గుచ్చుకుంది. డోలక్ ఆగింది. అందరూ ఊపిరి బిగబట్టి ఉండగా, నేను హమ్మయ్య అనుకుని "ఇగ అయిపోయిందా అక్కా?" అన్నాను. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది!

రికార్డింగ్ అన్న తల పట్టుకున్నాడు. "మళ్ల పాడాలె."

"గింత మంచిగ మళ్ల రాదన్నా, ఉండనీ" అంది అక్క. "పాటల తెర్వని నోరు గిప్పుడన్న తెరిచింది పోరి."

క్యాసెట్ రాగానే నాయిన ఇంటి ముందు ఆటోలో పెట్టాడు. పాటపాటకూ "ఏదే, నువ్వేడ?" అంటాడు. నేను చున్నీ కొస నములుతున్నాను. చివరికి ఆ మాట వచ్చింది. "గిది మా పిల్ల గొంతే!" అని వెనక్కి తిప్పి తిప్పి విన్నాడు. మర్నాటి నుంచి ఆటో ఎక్కినవాళ్లకు అదే శిక్ష. "అరె భాయ్, మేరా ఇస్టేజ్ నికల్ గయా!" అని దిగాల్సిన స్టేజీ దాటిపోయిన ఒకాయన మొత్తుకుంటే, "ఆగు సాబ్, గిప్పుడు మా పిల్ల మాట్లాడ్తది" అని వేలెత్తి ఆపాడట.

మొన్న అక్క కొత్త ఆల్బమ్ సీడీ వచ్చింది. తను కట్టిన కొత్త పాటలు, అవ్వల పాటలు, మళ్లీ పాడిన ఆ ఆఖరి పాట కూడా. ఈసారి పెద్ద స్టూడియో. ఆ పాట ముగియగానే నాయిన అలవాటుగా వేలెత్తి ఆగాడు. ఏమీ రాలేదు. కడిగిన పళ్లెంలాంటి నిశ్శబ్దం. (పాత క్యాసెట్‌ను ఆటో టేపే ఎప్పుడో నమిలేసింది.)

"పాట మస్తుగుంది బిడ్డా. గని ఆఖర్ల నువ్వు లేవు."

"ఇగ అయిపోయిందా అక్కా?" అన్నాను మెల్లగా.

"జర ముందటికొచ్చి అను" అని నవ్వాడు నాయిన.

నేనూ నవ్వాను. ఆ బొంతల గదిలో మళ్లీ నిలబడమంటే, ఇప్పుడైనా నేను తలుపు దగ్గరే నిలబడతాను. కానీ ఈసారి పాట అయిపోకూడదనే ఉంటుంది, అయిపోయిందా అని మాత్రం అడగను.