గుంటలో పెరిగిన బట్ట

బుచ్చన్న పోయి రెండేళ్లయినా కౌసల్యమ్మ ఆయన మగ్గం గుంటలోకి తొంగిచూడలేదు. నలభై ఏళ్లు ఆయన కాళ్లు పెట్టుకుని గద్వాల చీరలు నేసిన చోటది. కొడుకు భానుప్రకాశ్ మాత్రం ఆగేలా లేడు.

"దసరాకు మట్టి పోసి పూడుస్త. లేకుంటె నువ్వన్న కూసోని నెయ్యవే అమ్మా," అన్నాడు.

నేత ఆమెకు కొత్త కాదు, ఆ గుంటలోకి దిగడానికే భయం. పూడిస్తే మాత్రం ఆయన ఆనవాలు ఇంకెక్కడ మిగులుతుంది? 

2008 వానాకాలంలో హైదరాబాదు నుంచి డిజైన్ చదివే వర్ష వచ్చింది. నూలూ పట్టూ అక్కర్లేదట, పులిసిన తీపి టీ డికాషన్ మీద మీగడలా బట్ట పెరుగుతుందట! ఉన్న మతి చదువుతో పోయిందని వాడకట్టంతా నవ్వింది. వెచ్చగా, చెమ్మగా ఉండే చోటు కావాలంటే ఆ గుంటే దొరికింది. ప్లాస్టిక్ కవరు పరిచి, డికాషన్ నింపింది.

"వారానికోసారి చక్కెర నీళ్లు చాలు అమ్మమ్మా. ఇది బతికున్నది," అని చెప్పి వెళ్లింది.

బతికున్నదాన్ని వారం పస్తు పెడతారా ఎవరైనా? బుచ్చన్న రోజూ గంజి తాగాకే మగ్గం మీద కూర్చునేవాడు. కౌసల్యమ్మ కూడా తెల్లారగానే మొహం పక్కకు తిప్పుకుని, గుంటలో చెంబెడు గంజి పోసేది. కింద ఎవరో గుటక వేసినట్టు చప్పుడయ్యేది. గబగబా వెనక్కి వచ్చేసేది. అయినా మర్నాడు మళ్లీ పోసేది. మూడో వారం ఆ చప్పుడు ఆగిపోయింది.

వర్ష వచ్చి చూస్తే కవరు చిరిగి నీళ్లన్నీ ఇంకిపోయాయి. వేలు మందాన పెరిగిన పొర అడుక్కి అంటుకుపోయింది. ఇద్దరూ పట్టి పైకి లాగి తిరగేశారు. దాని మీద రెండు పాదాలు ఉబ్బెత్తుగా తేలి ఉన్నాయి.

"ఎడమ పాదానికి చిటికెన వేలు లేదేంటి అమ్మమ్మా?" అంది వర్ష. ఆ పిల్ల బుచ్చన్నను ఎన్నడూ చూసింది కాదు.

"మగ్గానికి కట్టిన రాయి వడి ఆయనకు ఆ వేలు తెగింది," అంది కౌసల్యమ్మ. 

"దీన్ని ఉడకబెట్టి ఆరబెట్టాలి. లేకపోతే కుళ్లిపోతుంది."

"సచ్చినోన్ని మల్ల సంపుతవా బిడ్డా?"

 పొర అప్పుడే వాసన కొడుతోంది. చివరికి కౌసల్యమ్మే లేచి, గంజి కాచే పెద్ద గిన్నెలో పొరను మడిచిపెట్టి, నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. నీళ్లు మరుగుతుంటే మూత టకటకా కొట్టుకుంది. అచ్చం మగ్గం ఆడుతున్నట్టే ఉంది. ఆమె చెవులు మూసుకోలేదు, చివరిదాకా విన్నది.

వర్ష బట్ట తీసుకుని వెళ్లిన మర్నాడు కౌసల్యమ్మ గుంటలోకి దిగింది. అడుగున బుచ్చన్న పాదాలకు అరిగిన గుంతల్లో తన పాదాలు పెట్టింది. ఎడమ గుంతలో ఆమె చిటికెన వేలికి చోటు లేదు. ఆ వేలు ముడుచుకుని మగ్గం తొక్కింది.