ఉమ్మెత్తాకు కింద

మాయాబందర్ నుంచి వచ్చి రంగత్‌లో అక్క ఇంట్లో నేను అడుగుపెట్టేసరికి ఆమె నోట్లో తువ్వాలు కుక్కి ఉంది. ఆమె అత్తగారు భుజాలు నేలకు అదిమి పట్టుకుంది. బావ చేతిలో కొత్త బ్లేడు. అక్క ఎడమ రొమ్ము ఎర్రగా వాచి, నారింజ తొక్కలా గుంటలు పడి ఉంది.

గడ్డ లేస్తే మావాళ్ళు చేసే వైద్యం ఒకటే. ఉమ్మెత్తాకుకు ఆముదం రాసి, పెనం మీద వేడిచేసి, ఒళ్ళు చుర్రుమనేలా కట్టడం, పండాక పగలగొట్టడం. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కిన తాతలతోపాటే అదీ ఈ అండమాన్ దీవులకు వచ్చింది. వారాల తరబడి కట్టినా చర్మం బొబ్బలెక్కిందే తప్ప గడ్డ పండలేదు. బావకు ఓపిక పోయింది.

"ఒక్క గాటు ఎడితే చీము మొత్తం పోద్ది. నువ్వు కాళ్ళట్టుకో" అన్నాడు నాతో.

బ్లేడు లాక్కున్నాను. నా అరచెయ్యి తెగింది. అదే చేత్తో ఆయన చెంప వాయించాను. ఆయన మొహమంతా నా నెత్తురే. అత్తగారు నా జుట్టు పట్టుకుంటే కాలితో తన్నాను. దానికి నేనెప్పుడూ బాధపడలేదు.

అక్కను పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకుపోతే, గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. చీము కాదు, క్యాన్సర్. డాక్టరమ్మ హిందీలో చెబుతూ నా అరచెయ్యి చూపించమంది. కుట్ల చుట్టూ వాపు తగ్గిపోయింది. దెబ్బ తగిలితే ఒంట్లోని తెల్లకణాలు పరుగెత్తుకొచ్చి, క్రిముల్ని చంపి, గాయం మానగానే వెళ్ళిపోతాయట. అక్క రొమ్ములోకీ వచ్చాయి. కొన్ని పోరాడాయి. చాలావాటిని క్యాన్సర్ లొంగదీసుకుంది. అవి అక్కడే ఉండిపోయి దానికి నెత్తుటి నాళాలు పెంచుతున్నాయి, పక్కకు పాకడానికి దారి చేస్తున్నాయి, పోరాడేవాటి గొంతు నొక్కుతున్నాయి. ఆకులు రోగాన్ని పుట్టించలేదు గానీ విలువైన వారాలు మింగేశాయి అంది.

అక్క మెల్లగా అడిగింది. "అవి నా ఒంట్లోవే కదా మేడమ్?"

అవునంది డాక్టరమ్మ. మందు మంచి కణాలనూ కొడుతుందని, ఒళ్ళు హూనమవుతుందని, తరువాత రొమ్ము తీసేయాలని చెప్పింది.

రొమ్ము లేకుండా నలుగురిలో ఎలా తిరుగుతుంది, ఇంటికి తీసుకుపోదాం అని బావ ఏడ్చాడు. అక్క ఆయన వైపు చూడలేదు.

"కొట్టనీండి మేడమ్. సూది ఎట్టండి."

మందు ఆమెను చితకబాదింది. నోరంతా పుళ్ళు, గుక్కెడు నీళ్ళు దిగేవి కావు, దువ్వెనకు జుట్టు కుచ్చులుగా వచ్చేది. తరువాత రొమ్ము కోసేశారు. అక్క బతికింది.

కోలుకున్నాక నా దగ్గరే ఉండమని బతిమాలాను, తిట్టాను. నా ఇంటికే కదే వెళ్తున్నాను అని సంచి సర్దుకుంది. బావ ఆమె చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బస్సు కదలగానే రోడ్డు మీది రాయి తీసి దాని వెనక అద్దం మీదకు విసిరాను. అద్దం పగిలింది. అక్క వెనక్కి తిరిగి చూసి, చెయ్యి ఊపింది.