కోదండరాం గారి తీరిక

కోదండరాం గారికి ఒక జబ్బుంది. పై అధికారులు వస్తున్నారంటే చాలు, స్టేషన్‌ని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసేస్తారు. చెన్నై లోకల్ రైళ్ళు ఆగే ఓ చిన్న స్టేషన్‌కు ఆయన పదకొండేళ్ళుగా మాస్టరు. సిగ్నల్ ఫోన్లు, ఆగిపోయే లిఫ్టు, రాని టికెట్ క్లర్కు, జనం తిట్లు, అన్నీ ఆయన నెత్తినే.

తోడుగా ఇంకో మాస్టరు పోస్టు ఇమ్మని మూడేళ్ళు మొత్తుకుంటే, పనెంత ఉందో కొలవడానికి చివరికి సునయన అనే అమ్మాయిని పంపారు. ఆ పోస్టు వస్తేనే ఆయనకు వారానికో సెలవు. ఆదివారం ఇంట్లో ఉంటానని భార్య అమ్మణికి మాటిచ్చి కూడా మూడేళ్ళయింది.

మరి ఈ మహానుభావుడు ఏం చేశారు? కొలత రోజు తెల్లవారకముందే వచ్చి రిజిస్టర్లన్నీ రాసేశారు. లిఫ్టు మెకానిక్కుని ముందే పిలిపించారు. క్లర్కుకి ఫోన్ చేసి, నిద్ర లేపి మరీ రప్పించారు. చేజేతులా కొంప ముంచుకోవడమంటే ఇదే!

సునయన గుంటూరు పిల్ల. గడియారం చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది.

"మీకు బోలెడు తీరికుందండీ. రెండో పోస్టు అక్కర్లేదనే రాయాలేమో" అంది.

ఆయన తల వంచుకుని, సర్దిన రిజిస్టర్లే మళ్ళీ సర్దారు. ప్లాట్‌ఫారం ఊడ్చే పొన్నుతాయి మాత్రం ఊరుకోలేదు. చీపురు అక్కడే పడేసి వచ్చింది.

"ఏమ్మా, సారు నాలుగింటికే వచ్చి అంతా ముగించేసినాడు. నీకు కనపడేదానికి ఈడ ఏం మిగిలుండాది?"

కోదండరాం గారు సిగ్గుతో చితికిపోయారు. "స్టేషన్ బాగలేకుంటే మన మర్యాద ఏం కావాలమ్మా?" అన్నారు.

"రేపు మళ్ళీ వస్తానండీ. మీరు డ్యూటీ టైముకే రండి. ఒక్క నిమిషం కూడా ముందు రావద్దు" అంది సునయన.

మర్నాడు ఆయన ఇంట్లో గిలగిల్లాడారు గానీ మాట తప్పలేదు. లిఫ్టు ఆగింది. క్లర్కు రాలేదు. ఒక పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోతే కోదండరాం గారే ఆటో ఎక్కించారు. పదకొండింటికల్లా సునయన ఫారంలో గళ్ళు నిండిపోయాయి. కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టింది.

మూడైంది. "అన్నం ఎప్పుడు తింటారండీ?" అని అడిగింది.

"ఆ గడి ఉండాదామ్మా నీ కాగితంలో?"

సునయన కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కుంది. "తినండి. మోగితే నేను పిలుస్తాను."

పెరుగన్నం నాలుగు ముద్దలు తినేలోగా ఫోన్ మూడుసార్లు మోగింది. మూడుసార్లూ ఆయన ఎంగిలి చేత్తోనే లేచారు. సునయన అదీ రాసుకుంది. అడుగున ఇంకో వాక్యం రాసి కాగితం ఆయన వైపు తిప్పింది. "ఈ స్టేషన్‌కు ఇద్దరు మాస్టర్లు కావాలి."

ఇంకా పైవాళ్ళు సంతకం పెట్టాలనుకోండి. అయినా కోదండరాం గారు ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని, ఎడమ చేత్తో ఇంటికి ఫోన్ చేశారు.

"అమ్మణీ, ఏ ఆదివారమో ఇంకా తెలీదు గానీ, ఏం వండతావు?"