బ్లేడు మీద బాణం

ముందు టీ తాగేయండి. తాగుతూ నవ్వితే పొలమారుద్ది. ఈ వారం నేను తెనాలిలో తలెత్తుకు తిరగలేని పని ఒకటి చేశా. ఇంకొకళ్లు చెబితే నాలుగు కలిపి చెబుతారని నేనే చెప్పేస్తున్నా.

మా అత్తగారు రేపల్లె నుంచి ఆదివారం వస్తానన్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మా పెరట్లో పంపు దగ్గర గచ్చేమో పాచి పట్టి ఒకటే జారుడు. పోయినసారి అక్కడే కాలు జారి, గోడ పట్టుకుని బతికిపోయారు. ఇది విని బాపట్లలో ఉన్న మా బావమరిది, ఏదో లాడ్జి వరండాకి వేయించగా మిగిలిన ప్లాస్టిక్ పలకలు పంపించాడు. చూడ్డానికి అచ్చం చెక్కే, తడిసినా జారవు.

"కార్పెంటర్ని పిలవండి బావా," అన్నాడు.

"ఎందుకయ్యా, నా దగ్గర రంపం మిషన్ ఉంది," అన్నా. ఉన్న మాట నిజమే. ఆన్‌లైన్‌లో కొని రెండేళ్లయింది, అట్టపెట్టె విప్పితే ఒట్టు.

ఇక బ్లేడు కావాలి. ఎస్తేరమ్మ గారి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లా. నేను నడిపే డ్రైవింగ్ స్కూల్లో ఆవిడ కారు నేర్చుకుంటున్నారు. ఆ రోజు పొద్దున్నే వన్‌వేలోకి ఎదురెళ్లబోతే, రోడ్డు మీద అందరూ వినేలా అరిచా. "బాణం కనపడట్లేదామ్మా? ముందు బాణం చూడాలి, తర్వాతే స్టీరింగ్!"

అదేమీ మనసులో పెట్టుకోకుండా బ్లేడు తీసిచ్చారు. "ప్లాస్టిక్‌కి మరీ సన్న పళ్లది వద్దు మాస్టారూ. రాసుకుని వేడెక్కుద్ది, ప్లాస్టిక్ కరిగిపోద్ది. ఈ నలభై పళ్లది పట్టుకెళ్లండి."

నేను వింటానా? "అరవై పళ్లది ఇవ్వండి. ఎన్ని పళ్లుంటే అంత నున్నగా తెగుద్ది!" అన్నా. ఆవిడ నలభైది లోపల పెట్టేసి, అరవైది తీసిచ్చారు.

ఇంటికొచ్చి బిగించా. బ్లేడుకి ఒకవైపు తళతళలాడే బొమ్మా, రాతలూ ఉన్నాయి. కొత్తది, గీతలు పడి పాడవుద్దని ఆ వైపు లోపలికి పెట్టా. కారు కొన్న మూడేళ్లకి కూడా సీట్ల మీద కవర్లు తీయని మనిషిని కదా!

స్విచ్ వేశా. పొగ! కంపు!

"ఏంటండీ, టైర్లు తగలబెడుతున్నారా?" అంటూ మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. చూస్తే, తెగిందనుకున్న చోట ప్లాస్టిక్ కరిగి మళ్లీ అతుక్కుపోయింది.

సరే, తప్పు నాదే అనుకుని వెళ్లి నలభై పళ్లది తెచ్చా. దాని బొమ్మ కూడా లోపలికే పెట్టా. మళ్లీ అదే పొగ, అదే కంపు. నిజం చెప్పొద్దూ, లోపల సంతోషం వేసింది. ఆవిడ చెప్పింది కూడా తప్పేగా! బ్లేడు పట్టుకుని ఊపుగా షాపులోకి వెళ్లా.

అక్కడ ఒక తాపీ మేస్త్రి టైల్స్ కోసే బ్లేడు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఏం బ్లేడమ్మా ఇది? డూప్లికేటు సరుకు అమ్ముతున్నారా?" అని అరిచా. మేస్త్రి నా వంక చూశాడు, చేతిలో బ్లేడు వంక చూశాడు, కౌంటర్ మీద పెట్టేసి "తర్వాత వస్తాలెండి," అని వెళ్లిపోయాడు. ఎస్తేరమ్మ గారి మొహం చిన్నబోయింది.

"మిషన్ తీసుకురండి మాస్టారూ. నా ముందే కోద్దాం," అన్నారు మెల్లగా.

"తెస్తా! తెచ్చి చూపిస్తా!" అన్నా. మిషనూ, ఒక పలకా స్కూలు కార్లో వేసుకుని తెచ్చా. బ్లేడు అప్పుడే బిగించా, అలవాటు ప్రకారమే. ఆవిడ వంగి చూశారు.

"దీని మీద బొమ్మ ఏదండీ?"

"లోపలికి పెట్టానండి. పాడవకుండా."

ఆవిడ బోల్టు విప్పి, బ్లేడు తిప్పి నా మొహం ముందు పెట్టారు. బొమ్మ పక్కన బొటనవేలంత బాణం! మిషన్ మూత మీద కూడా బాణమే! రెండూ ఒకే వైపు చూడాలట.

"తిరగేసి పెట్టారండి. పళ్లు కొయ్యట్లేదు, ఊరికే రుద్దుతున్నాయి." ఆవిడే సరిగ్గా బిగించి కోశారు. పొగ లేదు, కంపు లేదు. పలక రెండు ముక్కలై కింద పడింది.

పొద్దున్న నేనన్న మాట తిరిగి నాకే అనొచ్చు. అనలేదు. అదే తట్టుకోలేకపోయా. రోడ్డు మీద ఆవిణ్ణి కేకలేసింది చాలక, ఆవిడ షాపులోనే ఆవిణ్ణి దొంగని చేశా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"ఆ మేస్త్రి ఎక్కడ పనిచేస్తున్నాడమ్మా?"

"వెనక వీధిలో అండి. పోనీలెండి మాస్టారూ."

పోనిచ్చేదేంటి! వెళ్లా. "మేస్త్రీ, ఆవిడ సరుకు మంచిదే. తప్పు నాది," అన్నా.

"ఏమైందండీ?" అన్నాడు. చెప్పా. అంతా విని, పైన పనిచేసేవాళ్లని కేకేశాడు. "ఏమయ్యోయ్, అందరూ దిగండి! మాస్టారు చెబుతున్నారు!" మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సొచ్చింది. సాయంత్రానికి అతను బ్లేడు కొనుక్కెళ్లాడట, అదొక్కటే ఊరట.

మర్నాడు పొద్దున క్లాసు. నిన్నటి వన్‌వే దగ్గరికి రాగానే ఎస్తేరమ్మ గారు నడిరోడ్డు మీద కారు ఆపేశారు. వెనక ఆటోలు ఒకటే హారన్లు.

"ఏంటమ్మా, ఆపారు?"

"బాణం చూస్తున్నానండి మాస్టారూ." బోర్డు వంక తేరిపార చూసి, నా వైపు తిరిగారు. "ఇది సరిగ్గానే బిగించారంటారా?"

ఇరవై ఏళ్ల సర్వీసు నాది.

"మీరు చూశారుగా, చాలమ్మా," అన్నా. "పోనివ్వండి."